రంపానికి తిండి

ఆ వీధిలో జిరాక్సు కొట్టుకీ తాళంచెవులు చేసేవాడి బల్లకీ మధ్య తొమ్మిదడుగుల వెడల్పు గది ఒకటుంది. అందులో ఒకావిడ ఇరవై రెండేళ్ళుగా జనం గొప్పలకి నాలుగు వైపులా కర్ర బిగించి, ముందు అద్దం పెట్టి, వెనక మేకులు కొట్టి ఇస్తోంది. ఫ్రేములక్క అంటారు. ఆవిడ కంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. ఆ మొహం చూసి 'అమ్మాయ్' అనే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఫ్రేములు కట్టే పనికి ఒక శాపం ఉంది. మనుషులు తమ బతుకులో గొప్పదనుకున్నదే పట్టుకొస్తారు, దాన్ని రోజంతా చూస్తూ కూర్చోవాలి. పరుగు పందెంలో గెలిచినందుకు కాదు, పాల్గొన్నందుకు ఇచ్చిన కాగితం. ఎవరో పెద్దమనిషి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో. అందులో ఆ పెద్దమనిషి ఇంకెటో చూస్తుంటాడు. బతికున్నన్నాళ్ళూ ఒక్క పూట పలకరించని తండ్రిని పోయాక నిలువెత్తు బొమ్మ చేయించి, ఫ్రేముకి బంగారు రంగు బీడింగ్ కర్రే కావాలని పట్టుబట్టే కొడుకు. ఫ్రేములక్క అందరినీ ఒకటే అడుగుతుంది: "అద్దం వెయ్యాలా, వద్దా?" ఇంత మాత్రానికి అద్దం కూడానా అన్నట్టు వినిపిస్తుందది. వాళ్ళు విననట్టు నటించి అద్దం వేయించుకునే పోతారు.

కౌంటరు దగ్గర కూర్చునేది ఆవిడ మొగుడు. కొట్టు ఆయన తండ్రి పెట్టిందే గానీ ఆయనకి రంపమంటే భయం. చిన్నప్పుడోసారి బొటనవేలు గీరుకుందట. ఆ గీత ఎప్పుడో మాసిపోయింది, భయం మాత్రం నలభై ఏడేళ్ళొచ్చినా పచ్చిగానే ఉంది. కొడుకు రసీదులు రాయడానికి తప్ప పనికిరాడని మామగారికి తొందరగానే అర్థమైంది. కోడలు గడప దాటి వచ్చిన వారానికే ఒక బద్ద చేతికిచ్చాడు.

"దీన్ని మూడు సమానమైన ముక్కలు చెయ్యి."

ఆవిడ బడిలో లెక్కలు బాగా చేసిన మనిషి. పొడుగు కొలిచింది, మూడుతో భాగించింది, రెండు గీతలు గీసి సరిగ్గా గీతల మీదే కోసింది. మూడు ముక్కలూ తెచ్చి మామగారి ముందు పెట్టి, మెప్పు కోసం నిలబడింది. ఆయన అదే పొడుగున్న ఇంకో బద్ద తీసి, దాని పక్కన ఈ మూడింటినీ వరసగా పేర్చాడు. చివర్న చిన్న సందు మిగిలింది.

"మిగతాదేదీ?"

"నేనేం తియ్యలేదు మామయ్యా."

"నువ్వు తియ్యలేదమ్మా, రంపం తింది. రెండు కోతలు కోశావు, రెండు ముద్దలు తింది. దానికి తిండి పెట్టకుండా లెక్క వేశావు." నేల మీద రాలిన పొట్టుని కాలి బొటనవేలితో చూపించాడు. "అదిగో, నీ లెక్కలో తప్పు అక్కడ పడుంది."

ఆ రోజు నుంచీ ఆవిడ పద్ధతి ఒకటే. కొలువు, గీయి, గీత అవతల కొయ్యి, మళ్ళీ కొలువు. అన్ని గీతలూ ఒకేసారి గీసి పారేసేవాణ్ణి ఆవిడ మనిషి కింద జమకట్టదు. ఆవిడ తిట్లన్నిటిలోకీ పెద్ద తిట్టు 'రంపానికి తిండి పెట్టనివాడు' అని. మేడ మీద గదులన్నీ కట్టేసి మెట్లకి చోటు చాలక నిచ్చెనేసుకున్న ఎదురింటాయన ఆ జాబితాలోనే ఉన్నాడు. సొంత తమ్ముడు కూడా ఉన్నాడు, ఎందుకో చెప్పడం మొదలుపెడితే ఆవిడ ఆపదు.

పెళ్ళయిన పదేళ్ళకి ఒక కూతురు పుట్టింది. చిన్నది అని పిలుస్తారు, పెద్దది ఎవరూ లేకపోయినా. మూడో తరగతిలో ఉండగా టీచరు పిలిపించి, "మీ పాప వేళ్ళ మీద లెక్కపెడుతోందండీ" అని చెప్పింది. ముక్కులో వేలు పెడుతోంది అని చెప్పినంత అసహ్యంగా చెప్పింది.

"మరి దేని మీద లెక్కపెట్టాలి?" అంది ఫ్రేములక్క.

"మనసులో."

"మనసులో ఏముందో బయటికి తీసి చూపించండి. పేర్చుకుంటుంది."

టీచరుకి కోపం వచ్చింది. ఆ నెల రిపోర్టులో 'తల్లి సహకారం లేదు' అని ఎర్రసిరాతో రాసింది. చిన్నదాన్ని కిటికీ పక్కనుంచి లేపి చివరి బెంచీలో కూర్చోబెట్టారు. తరువాత హెడ్మిస్ట్రెస్ పిలిచి, "ఈ పిల్లకి చదువు అచ్చిరాదు, ఏదైనా చేతిపని చూసుకోండి" అని తియ్యగా సలహా ఇచ్చింది. ఆ మాట అంటున్న మనిషి వెనక గోడ మీద బడికి వచ్చిన ప్రశంసాపత్రాలు వరసగా వేలాడుతున్నాయి. అవన్నీ ఫ్రేములక్క చేతిపనే. ఆవిడ వాటిని ఒకసారి తేరిపార చూసి, "మూడోది వంకరగా తగిలించారు" అని చెప్పి, పిల్ల సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చేసింది.

అప్పట్నుంచి చిన్నది కొట్లోనే, బోర్లించిన మేకుల పెట్టె మీద. మొదటి వారం ఊరికే కూర్చుంది. రెండో వారం తల్లి మిగిలిపోయిన బీడింగ్ ముక్కల్లోంచి నునుపైనవి ఏరి, అంచులకి గరుకు కాగితం పట్టించి ఒక సెట్టు తయారుచేసింది. ఇరవై నాలుగు సెంటీమీటర్ల బద్ద ఒకటి. దాని పేరే 'ఒకటి'. సగాలు రెండు, పన్నెండేసి. మూడోవంతులు ఎనిమిదేసి, పావులు ఆరేసి, ఆరోవంతులు నాలుగేసి, ఎనిమిదోవంతులు మూడేసి, పన్నెండోవంతులు రెండేసి. రంగులు వెయ్యలేదు. రంగులేస్తే పిల్ల రంగు చూసి జవాబు చెప్పేస్తుంది గానీ పొడుగు చూడదని ఆవిడ వాదన. పాత ప్యాంటు జేబు ఒకటి కత్తిరించి, పైన తాడు గుచ్చి సంచీ చేసింది. అంతే. ఖర్చంటూ ఏదైనా ఉంటే మొగుడి ప్యాంటు.

బడి రెండేళ్ళలో చెప్పలేనిది చిన్నదానికి రెండు నెలల్లో వచ్చేసింది. ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి అరిచింది. "అమ్మా, సగంలోంచి మూడోవంతు తీసేస్తే సరిగ్గా ఆరోవంతు మిగిలింది!"

"మిగలక చస్తుందా" అంది తల్లి తలెత్తకుండా. కానీ ఆ పూట ఒక నిలువెత్తు అద్దాన్ని కొలత తప్పి కోసింది. ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. కౌంటరు దగ్గర మొగుడు నోరు తెరవబోయి, ఆవిడ కళ్ళు చూసి మూసుకున్నాడు.

లెక్కలు వచ్చాయి. మనుషులే లేరు. చిన్నది ఏడాది పాటు తన యీడు పిల్లతో ఒక్క మాట మాట్లాడలేదు. మొదట్లో కొక్కేలకి పేర్లు పెట్టింది. తరవాత గోడకి ఆనించిన ఫొటోలతో మొదలైంది. ఎవరెవరి తాతలో, మేనత్తలో, ఫ్రేములు కట్టించి ఇంటివాళ్ళు తీసుకుపోవడం మర్చిపోయిన, ఎప్పుడో చనిపోయిన మనుషులు. ఒకరోజు ఫ్రేములక్క వెనక గదిలోంచి జిగురు డబ్బాతో వస్తూ గుమ్మంలో ఆగిపోయింది. చిన్నది ఆ ముసలి మొహాలన్నిటినీ రెండు వరసలుగా కూర్చోబెట్టింది. చేతిలో స్కేలు పట్టుకుని, ముందు వరసలో ఉన్న బట్టతలాయన్ని గదమాయిస్తోంది. "మళ్ళీ వేళ్ళ మీదేనా? లే. లేచి చివరి బెంచీకి పో." ఫొటో తీసి వెనక్కి పెట్టింది. పెట్టాక దాని పక్కనే తనూ చతికిలబడి, "నువ్వేం బాధపడకు, నేనూ ఇక్కడే కూర్చుంటా" అంది.

ఫ్రేములక్క జిగురు డబ్బా కింద పెట్టి మళ్ళీ వెనక గదిలోకి పోయింది.

సరిగ్గా ఆ వారంలోనే కవలల తల్లి ఒకావిడ కొట్లోకి వచ్చింది. పిల్లలు గీసిన గీతలకి ఫ్రేములు కావాలంది. రెండు కాగితాల మీదా పిచ్చి గీతలే. ఒకదాని మీద కనీసం నీలం రంగైనా ఉంది.

"అద్దం వెయ్యాలా, వద్దా?"

"మ్యూజియం క్వాలిటీ అద్దం ఉందా అక్కా?" అని, పెట్టె మీదున్న చిన్నదాని చేతిలో ముక్కల్ని చూసింది. "అయ్యో, ఇవెక్కడ కొన్నారు? మేం అచ్చం ఇలాంటివే విదేశాల నుంచి తెప్పించాం. ఆ పెట్టె ఖరీదుతో రెండు నెలలు ఇంటద్దె కట్టొచ్చు. మా వాడు ఒక మూడోవంతు ఎక్కడో పడేశాడు. ఒక్క ముక్క అమ్మరట, మళ్ళీ పెట్టె మొత్తం కొనాలట."

ఫ్రేములక్క ఒక ముక్క కోసిచ్చింది. కవలల తల్లి మొహం వెలిగిపోయింది. తమకొక గుంపు ఉందని, పదిహేను కుటుంబాలని, ఎవరూ పిల్లల్ని బడికి పంపరని, అందరూ శనివారం శనివారం ఒక అపార్టుమెంటు కింద హాల్లో కలుస్తారని, పిల్లలు రంగురంగుల ఫోము చదరాల మీద కూర్చుని కలిసి నేర్చుకుంటారని చెప్పుకొచ్చింది. ఫ్రేములక్క చెవిన పడింది ఒకటే. పిల్లలు. ఒక గదినిండా, బతికున్న పిల్లలు.

ఆ తల్లుల గురించి ఫ్రేములక్కకి మంచి అభిప్రాయమేమీ లేదు. గుప్పెడు శనగలు పోసి లెక్కపెట్టించాల్సిన దానికి పెట్టెలు కొనే మనుషులు. బియ్యం కొలిచే గ్లాసు ఇంట్లో పెట్టుకుని 'కొలతల కిట్టు' కోసం నెట్లో వెతుకుతారు. పిల్లాడు చెంచా పడేస్తే 'గురుత్వాకర్షణ యాక్టివిటీ' అని ఫొటో తీసి గ్రూపులో పెడతారు. ఇదంతా ఆవిడకి వారం తిరక్కుండానే తెలిసిపోయింది. వాళ్ళలో ఒక్కొక్కరే కొట్టుకి వచ్చి, పోయిన ముక్కలు కోయించుకుంటూ అన్నీ చెప్పుకునేవాళ్ళు. అయినా ఆవిడ వాళ్ళని ఒక్క మాట అనలేదు. అందరినీ తిట్టే నోరు ఆ నెల్లాళ్ళూ కుట్టేసినట్టుంది. మొగుడికి భయమేసి, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

ఆ గుంపుకి పెద్ద ఒక మేడమ్. కళ్ళజోడుకి గొలుసు, గొంతులో తేనె, ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండానే అర్థమైపోయినట్టు తలాడించే అలవాటు. ఒకరోజు స్వయంగా కొట్టుకి వచ్చి ముక్కల్ని చేతిలోకి తీసుకుంది. "చాలా ఆర్గానిక్‌గా ఉన్నాయి. మా కుటుంబాలందరికీ అందుబాటులో ఉండాలన్నదే నా తపన. ఇరవై సెట్లు చేసివ్వగలరా?"

"చేస్తాను. కర్రకయ్యేది ఇవ్వండి చాలు" అంది ఫ్రేములక్క. తరవాత తలొంచుకుని, ఎన్నడూ వాడని గొంతుతో, "మా చిన్నది కూడా బడికి పోదండీ. శనివారాలు దానికో చదరం వేస్తే..." అంది.

"చూద్దాం" అంది మేడమ్, అతి ప్రేమగా.

ఇరవై సెట్లు పద్దెనిమిది రోజుల్లో అయ్యాయి. ప్రతి ముక్కా విడిగా కొలిచి, విడిగా కోసి, 'ఒకటి' పక్కన పెట్టి చూసి, పొల్లుపోకుండా సంచుల్లో పోసింది. తీసుకోవడానికి వచ్చిన మేడమ్‌ని మళ్ళీ అడిగింది. మళ్ళీ చూద్దాం. నెల తరవాత ఫోను చేసి అడిగితే అప్పుడు అసలు సంగతి బయటపడింది.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. మా కుటుంబాలన్నీ ఇంటిబడిని ఎంచుకున్న కుటుంబాలు. మీరేమో..." మేడమ్ మాట కోసం వెతుక్కుంది. "మీరు బడి మాన్పించారు కదా."

"రెండిటికీ తేడా ఏంటండీ?"

"ఫిలాసఫీ" అంది మేడమ్. "సరే, చూద్దాం."

ఫోను పెట్టేశాక ఫ్రేములక్క నోటి కుట్లు తెగిపోయాయి. ఆ పూట ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయడం కుదరదు. మేడమ్‌కి మాత్రం ఒక పేరు స్థిరపడింది: చూద్దాం మేడమ్. "కళ్ళజోడు పెట్టుకుని, దానికో గొలుసు కట్టుకుని, పొద్దస్తమానం చూద్దాం చూద్దాం అంటుంది. ఎప్పుడు చూస్తుందట?" మొగుడు కౌంటరు వెనక నవ్వాలో వద్దో తెలియక రసీదు పుస్తకం తిరగేశాడు.

చిన్నది మాత్రం బట్టతలాయన ఫొటోని తుడిచి ముందు వరసలో పెట్టుకుంది.

రెండు నెలల తరవాత మేడమ్ మనిషిని పంపింది. హాల్లో పెద్ద ప్రదర్శన పెడుతున్నారట, వేరే పేటల నుంచి తల్లిదండ్రులు వస్తారట. గుంపు ఆశయం రాసిన పెద్ద కాగితానికి ఫ్రేము కట్టి, శనివారం పది గంటలకల్లా తెచ్చి గోడకి తగిలించాలి. కాగితం మీద 'ప్రతి బిడ్డా తనంతట తానే కనుగొంటుంది' అని అచ్చేసి ఉంది.

"అద్దం వెయ్యాలా, వద్దా?" అంది ఫ్రేములక్క. వచ్చిన మనిషి వెయ్యమన్నాడు. వేసింది.

ప్రదర్శన కోసం నలభై సెట్లు చేయించారనీ, అవి ఆవిడకి చెప్పకుండా సోఫాల మేస్త్రికి ఇచ్చారనీ ఆ మనిషే చెప్పాడు. మెరిసే రంగులు, మూత ఉన్న పెట్టె, పెట్టె మీద మేడమ్ గుంపు ముద్ర. నమూనాకి ఇచ్చింది ఫ్రేములక్క సెట్టే. సోఫాల మేస్త్రి ఫ్రేములక్కకి తెలుసు. బద్దలు నలభై కలిపి కట్టగట్టి, పైన ఒకేసారి గీతలన్నీ గీసి, చక్రం రంపంతో అడ్డంగా దించేసే రకం. సోఫాలో అది చెల్లుతుంది. చాలని చోట లప్పం పెట్టి, పైన గుడ్డ బిగిస్తే ఎవడి కంటా పడదు. ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది.

శనివారం సుత్తి, మేకులు, ఫ్రేము, పక్కన చిన్నది. హాలు నిండా జనం. నేల మీద ఫోము చదరాలు, ఒక్కోదాని మీద ఒక్కో బిడ్డ, ఒక్కో బిడ్డ ముందు ఒక్కో మెరిసే పెట్టె. చిన్నది చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడి ఆ చదరాలని చూస్తోంది. కిటికీ పక్క ఒకటి, పసుపుపచ్చది, ఖాళీగా ఉంది. ఫ్రేములక్క ఆ చూపుని చూసింది, చూసి గోడ వైపు తిరిగి మేకు కొట్టింది.

మేడమ్ మైకు అందుకుంది. "ఇప్పుడు మన పిల్లలు భిన్నాల రహస్యాన్ని తమ చేతులతో కనుక్కుంటారు. పెద్దలెవరూ చెప్పరు. పిల్లలూ, రెండు సగాలు కలిపితే?"

"ఒకటి!" అన్నారు పిల్లలు, పేర్చకుండానే. పేర్చాక ఒకడు, "ఆంటీ, కొంచెం చాల్లేదు" అన్నాడు. మేడమ్ వంగి, చివర తన చూపుడువేలు అడ్డం పెట్టి, "చాలింది కదా కన్నా!" అంది.

"వేలు తీస్తే చాలట్లేదు ఆంటీ."

"మూడోవంతులు చూద్దాం" అంది మేడమ్ గబగబా.

మూడోవంతుల దగ్గర సందులో పెన్సిల్ మొన దూరింది. వెనక కుర్చీల్లో తండ్రులు మెడలు సాచారు. అంతలో కవలల్లో ఒకడు, ఎవరూ అడగకుండానే, పన్నెండోవంతులు పేర్చి, చాలక, తమ్ముడి పెట్టెలోంచి ఇంకో రెండు లాక్కుని పెట్టి కేకేశాడు. "ఒకటికి పధ్నాలుగు పన్నెండోవంతులు కావాలి!"

సిగ్గున్న మనిషైతే అక్కడ ఆగిపోయేది. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని, చిరునవ్వుతో, "చూశారా! ఇదే మనం చెప్పేది. ప్రకృతిలో ఏదీ కచ్చితంగా ఉండదు. ఉజ్జాయింపు అనే భావనని బిడ్డ తనంతట తానే కనుక్కున్నాడు" అంది. చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒక తండ్రి, మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకున్న పెద్ద ఉద్యోగి, నోటు పుస్తకం తీసి రాసుకున్నాడు. కవలలవాడు కూడా తన పుస్తకంలో రాసుకున్నాడు: పధ్నాలుగు పన్నెండోవంతులు ఒకటి. అంత చదువుకున్న గదిలో ఒక్కరికి కూడా కిందకి వంగి ఆ సందు చూడాలనిపించలేదు.

"రంపానికి తిండి పెట్టలేదు" అంది ఒక గొంతు.

చిన్నది. గుమ్మం దగ్గర లేదిప్పుడు, కవలల మధ్య మోకాళ్ళ మీద కూర్చునుంది. ఎప్పుడు వెళ్ళిందో తల్లి కూడా చూడలేదు.

"ఏంటమ్మా?" అంది మేడమ్.

చిన్నది మేడమ్‌తో మాట్లాడలేదు, కవలలవాడితో మాట్లాడింది. "ఇవి పన్నెండూ ఒకే కర్రలోంచి వచ్చాయి కదా. ఎన్ని కోతలు కోశారు?"

"పన్నెండు."

"కాదు. చెయ్యి చాపు. వేళ్ళు ఎడంగా పెట్టు. వేళ్ళెన్ని?"

"అయిదు."

"మధ్యలో సందులు?"

వాడు ఇంకో చేత్తో ముట్టుకుని లెక్కపెట్టాడు. "నాలుగు! అయితే పన్నెండు ముక్కలకి పదకొండు!"

"కోసినప్పుడల్లా రంపం కొంచెం తినేస్తుంది. ఎంత తిందో సగాలు చెప్తాయి. సగాలకి ఒక్కటే కోత." సగాలు రెండూ 'ఒకటి' పక్కన పేర్చి, సందులో స్కేలు పెట్టింది. "మూడు మిల్లీమీటర్లు. అంటే పదకొండు కోతలకి?"

"ముప్పై మూడు" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"కొలువు."

కవలలవాడు అదనంగా పెట్టిన రెండు ముక్కలూ తీసేసి సందు కొలిచాడు. ముప్పై మూడు. సరిగ్గా. వాడు కేక పెట్టాడు. పక్క చదరం పిల్ల తన పావులు కొలవడం మొదలుపెట్టింది, "నాకు మూడు కోతలు, తొమ్మిది రావాలి, వచ్చింది!" నిమిషంలో హాల్లో పిల్లలందరూ వేళ్ళు చాపుకుని సందులు లెక్కపెట్టుకుంటున్నారు. ఇరవై చేతులు గాల్లో ఉన్నాయి. ఆఫీసు కార్డు తండ్రి కూడా, ఎవరూ చూడట్లేదనుకుని, ఒళ్ళో చెయ్యి పెట్టుకుని వేళ్ళు విప్పాడు. తరవాత నోటు పుస్తకంలో రాసిన ముక్క నెమ్మదిగా కొట్టేశాడు.

ఫ్రేములక్క గోడ దగ్గర సుత్తితో నిలబడింది. ఆ ఎర్రసిరా టీచరు ఇప్పుడిక్కడ ఉంటే బాగుండునని మాత్రం అనుకుంది.

మేడమ్ మైకు పక్కన పెట్టి ఆవిడ దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. "అక్కా, ఈ నలభై సెట్లూ మీరు సరిచేసివ్వగలరా?"

"తిన్నది కక్కించలేం. పొయ్యిలోకి పనికొస్తాయి."

మేడమ్ ఆ మాట వినిపించుకోలేదు. పిల్లల వైపు చూస్తూ, "మీ పాప చురుకైనది. నేనెప్పుడూ అనుకునేదాన్ని. శనివారాలు పంపించండి. పిల్లలకి మెటీరియల్ అందిస్తూ, అయిపోయాక సర్దుతూ ఉంటే తనకీ ఎక్స్‌పోజర్..." అంది.

"అందించడానికి మనిషిని పెట్టుకోండి మేడమ్. మా చిన్నది వస్తే కూర్చుంటుంది. చదరం మీద."

మేడమ్ తలాడించింది, అర్థమైపోయినట్టు. "చూద్దాం."

"చూడ్డం అయిపోయింది" అని ఫ్రేములక్క సుత్తితో చూపించింది. "అదిగో."

కిటికీ పక్కనున్న పసుపుపచ్చ చదరాన్ని కవలలిద్దరూ ఈడ్చుకొచ్చి తమ మధ్యలో వేశారు. చిన్నది దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎవరి చెయ్యో పట్టుకుని వేళ్ళు విడదీస్తోంది. చుట్టూ పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. వాళ్ళ వెనక వాళ్ళ అమ్మానాన్నలు నిలబడి చూస్తున్నారు. అంతమంది ముందు ఆ పిల్లని లేపే ధైర్యం ఉంటే మేడమ్ లేపేదే. లేపలేదు. "సరే మరి, శనివారాలు పది గంటలకి" అంది, పళ్ళ బిగువున.

ఫ్రేములక్కకి ఇంక అక్కడ పని లేదు. ఫ్రేము తగిలించేసింది. పిల్లని పిలవలేదు. బయటికొచ్చి మెట్ల మీద, సుత్తి ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలు కూర్చుంది. పని వేళలో రెండు గంటలు ఖాళీగా కూర్చోవడమంటే ఏమిటో ఆవిడకి తెలియదు, కాబట్టి ఎలా కూర్చోవాలో కూడా తెలియక, మెట్ల ఎత్తులు కళ్ళతో కొలుస్తూ కూర్చుంది. నాలుగో మెట్టు మిగతావాటికంటే పొట్టి. కట్టినవాణ్ణి తిట్టుకుంది.

చిన్నది ఎర్రబడ్డ మొహంతో, జడ ఊడిపోయి బయటికొచ్చింది. ఇద్దరూ వీధి మలుపు దాకా నడిచారు.

"వాళ్ళకేం రాదమ్మా" అంది చిన్నది.

"తెలుసు."

"ఒకడికి సందులు లెక్కపెట్టడం కూడా రాదు. నాకంటే పెద్దాడు."

"వాళ్ళమ్మకీ రాదు."

కొంచెం దూరం పోయాక చిన్నది, ఏదో పనికిరాని సంగతి అడుగుతున్నట్టు, ఇంకెటో చూస్తూ అడిగింది. "వచ్చే శనివారం కూడా పదింటికేనా?"

"పదింటికే. తొమ్మిదిన్నరకల్లా జడేసుకుని సిద్ధంగా ఉండు. ఇలా దయ్యంలా వెళ్తే ఊరుకోను."

కొట్లో మొగుడు కౌంటరు వెనక నుంచి లేచి నిలబడ్డాడు. "ఏమన్నారు?"

"ఏమంటారు. చూద్దామన్నారు." ఫ్రేములక్క సుత్తి కొక్కేనికి తగిలించి, పొద్దున సగంలో వదిలిన బీడింగ్ చేతిలోకి తీసుకుంది. కొలిచింది. గీసింది.

వెనక చిన్నది గోడ దగ్గర చేరి, బట్టతలాయన ఫొటో ముందు వంగి, రహస్యంలా చెబుతోంది. "శనివారాలు నేనుండను. మీరే చూసుకోవాలి."

"వాళ్ళకి చెప్పడమెందుకు?" అంది తల్లి, రంపం గీత అవతల ఆనిస్తూ. "అద్దాలు బిగించి కూర్చోబెట్టాం. ఎక్కడికీ పోరు."